నొప్పి తగ్గకముందే చెప్పిన కృతజ్ఞతలు

సహోదరులారా, సహోదరీలారా, దాహం వేస్తున్నా నీళ్ళు ముట్టుకోవడానికి భయపడి బతికిన ఒక మనిషి సంగతి చెప్పడానికి ఈ ఉదయం మీ ముందు నిలబడ్డాను. ఆ మనిషిని నేనే. నా పేరు సుగుణ, మేము శామీర్‌పేటలో ఉంటాము, మా ఆయన ప్రభుదాసుగారు గుండ్లపోచంపల్లిలో ఒక గోదాములో పని చేస్తారు, మాకు రూతు అని బడికి పోయే కూతురు ఉంది. మీలో చాలామందికి నేను తెలుసు, నా సాక్ష్యాలు కూడా తెలుసు, సుగుణమ్మ మైకు పట్టుకుంటే అన్నం చల్లారిపోతుందని యువకులు వెనక నవ్వుకుంటారని కూడా నాకు తెలుసు! అయినా ఈ ఒక్కసారి ఓపిక పట్టండి. ఇంతకు ముందు ఇదే చోట నిలబడి నేను ఒక సాక్ష్యం చెప్పాను, దాని తర్వాత ఏం జరిగిందో మీకు ఎవరూ పూర్తిగా చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

తుర్కపల్లి వైపు మందుల కంపెనీలు ఒకదాని వెనక ఒకటి లేస్తున్న కాలంలో నాకు ఇంజెక్షన్లు తయారుచేసే ఒక కంపెనీలో ఉద్యోగం దొరికింది. ఇంటి దగ్గరికి క్యాబ్ వస్తుంది, క్యాంటీన్‌లో భోజనం పెడతారు, నెల తిరగగానే జీతం వస్తుంది, ఇంతకంటే ఏం కావాలి! మేడ్చల్ పక్క ద్రాక్షతోటల్లో కూలి చేసి నన్ను ఇంటర్ దాకా చదివించిన మా అమ్మ, నా ఉద్యోగం గురించి కనబడిన ప్రతి మనిషికీ చెప్పుకుంది. నా పని సీసాల్లో మందు నింపే గదిలో. ఆ గదిలోకి దుమ్ము రవ్వ కూడా పోకూడదు కాబట్టి మేము తలకు ముసుగు, కళ్ళకు పెద్ద అద్దాలు, నోటికి గుడ్డ, చేతులకు తొడుగులు, మెడ నుంచి పాదాల దాకా ఒకే అంగీ తొడుక్కొని లోపలికి పోవాలి. గాజులు ఉండవు, బొట్టు ఉండదు, ఎవరు ఎవరో కళ్ళను చూసే గుర్తుపట్టాలి. మధ్యలో బయటికి రావాలంటే అదంతా విప్పాలి, తిరిగి పోవాలంటే చేతులు కడుక్కోవడం దగ్గర మొదలుపెట్టి మళ్ళీ కొత్త జత తొడుక్కోవాలి, అంతసేపూ మన స్థలం ఖాళీ, పని నెమ్మదిస్తుంది, గాజు కిటికీ అవతల కూర్చున్న ఆఫీసరు తలెత్తి చూస్తాడు.

ఆ చూపుకు భయపడి మేము ఆడవాళ్ళం ఒక ఉపాయం కనిపెట్టాం. పొద్దున లేచిన దగ్గర నుంచి షిఫ్టు అయిపోయేదాకా నీళ్ళు తాగడం మానేశాం. ఎవరూ మమ్మల్ని తాగవద్దని చెప్పలేదు, ఏ గోడ మీదా అలా రాసి లేదు, మా అంతట మేమే పెట్టుకున్నాం. నేను చేరిన కొత్తలో క్యాబ్‌లో నా పక్కన కూర్చునే భాగ్య అనే అమ్మాయి, "అక్కా, నీళ్లు తాగితే బయటికి పోవాలె, పోతే గా సారు మొకం సూడాలె. గా మొకం సూసుడు కన్న ఎండుడే నయం" అని చెప్పింది, క్యాబ్ అంతా నవ్వింది, నేను కూడా నవ్వాను, ఆ మరుసటి రోజు నుంచే నేనూ ఎండిపోవడం మొదలుపెట్టాను.

ఇది ఇలా ఉండగా కంపెనీలో అందరికీ ఆరోగ్య పరీక్షలు చేశారు. వచ్చిన డాక్టరుగారు నన్ను చూసి, బరువు పెరిగావమ్మా, బీపీ కూడా ఎక్కువగా ఉంది, టెన్షన్ తగ్గించుకో, రోజూ కొంచెం నడువు అన్నారు. ఆయన కొంచెం అన్నారు, నాకేమో ఏదైనా కొంచెం చేయడం చేతకాదు! తెల్లవారకముందే లేచి శామీర్‌పేట చెరువు కట్ట మీద ఎవరో తరుముతున్నట్టు నడిచేదాన్ని, చెమటలు కారుతున్నా నీళ్ళ సీసా ముట్టేదాన్ని కాదు, ఎందుకంటే కాసేపట్లో క్యాబ్ వస్తుంది. ఇంటికి ఉరికొచ్చి వంట, డబ్బాలు, రూతుకు జడ, సాయంత్రం వచ్చాక బట్టలు, రూతు చదువు, శుక్రవారం ఉపవాస ప్రార్థన, ఆదివారం పిల్లలకు పాఠం. టెన్షన్ తగ్గించుకోవడానికి కూడా టెన్షన్ పడిన మనిషిని నేను, సహోదరులారా! మంచం మీద పడుకుంటే గుండె దడదడ కొట్టుకునేది, రేపటి పనులన్నీ కళ్ళ ముందు వరుస కట్టేవి. ప్రభువా బలమివ్వు, ప్రభువా ఇంకా బలమివ్వు అని ప్రార్థించేదాన్ని. విశ్రాంతి ఇవ్వమని ఒక్కసారి కూడా అడగలేదు, అడిగితే సోమరిననుకుంటాడేమో అని భయం. మీరేమో సుగుణమ్మను చూసి నేర్చుకోండి అని మీ కోడళ్ళకు చెప్పేవాళ్ళు, ఆ మాట విన్నప్పుడల్లా నా నడుము ఇంకాస్త నిటారుగా అయ్యేది.

అలాంటి రోజుల్లో రూతు పుట్టిన చాలా ఏళ్ళకు నాకు మళ్ళీ కడుపు పండింది. ఎంత సంతోషం! ఎన్ని ప్రార్థనలకు వచ్చిన జవాబు అది! పాస్టరమ్మగారు వెంటనే ఉపవాసాలు ఆపించారు, నడక కూడా తగ్గించాను, ఉద్యోగం మాత్రం మానలేదు, నీళ్ళ సంగతి నాకే గుర్తు లేదు, అంతగా అలవాటైపోయింది. మూడో నెల దాటాక మంట మొదలైంది. ఒంటికి పోవాలంటే ప్రాణం పోయినట్టుండేది, నడుములో ఒక పక్క పోటు, సాయంత్రమైతే వణుకు. ఇలాంటివి నోటితో ఎవరికి చెప్పుకుంటాం? ప్రార్థన మనవులు చెప్పమన్నప్పుడు శరీర బలహీనత అన్నాను. మన ఆడవాళ్ళం అన్ని జబ్బులకూ ఆ ఒక్క పేరే పెట్టుకుంటాం కదా, మోకాలి నొప్పి నుంచి కడుపులో గడ్డ దాకా అన్నీ శరీర బలహీనతే!

మన సంఘంలో ఒక పద్ధతి ఉంది. స్వస్థత కోసం ప్రార్థన చేశాక, అది ఇంకా కనబడకముందే, కలిగిందని నమ్మి అందరి ముందు కృతజ్ఞత చెబుతాం. ఆ పద్ధతిని తప్పుపట్టడానికి నేను నిలబడలేదు, అలా చెప్పి బాగుపడినవాళ్ళు ఈ గదిలోనే ఉన్నారు. ఒక ఆదివారం నేను కూడా లేచి, నా శరీర బలహీనతను ప్రభువు పూర్తిగా తీసివేశాడు అని సాక్ష్యం చెప్పాను. చప్పట్లు కొట్టారు, పెద్దవాళ్ళు కన్నీళ్ళు తుడుచుకున్నారు. నేను వెళ్ళి నా స్థలంలో కూర్చున్నాను, కూర్చోగానే నడుములో ఆ పోటు మళ్ళీ లేచింది.

ఆ తర్వాత డాక్టరు దగ్గరికి ఎలా పోను? మా ఆయన నా ముఖం చూసి, "ఏందే సుగుణా, గిట్ల పాలిపోతున్నవ్, మేడ్చల్ పోయి సూపెట్టుకొని వద్దం పా" అని ఎన్నోసార్లు అడిగారు. "అందరి ముందర సాక్ష్యం జెప్పినంక దవాఖానకు పోతే దేవునికి మాట రాదా?" అన్నాను. దేవుడి పరువు నేను కాపాడుతున్నానని అనుకున్నాను, సహోదరులారా! ఆకాశాన్నీ భూమినీ చేసినవాడి పరువు శామీర్‌పేట సుగుణ కాపాడాలట!

నొప్పిని పళ్ళ బిగువున దాచుకొని ఏడో నెల దాకా లాక్కొచ్చాను. ఒక మధ్యాహ్నం ఆ తెల్లటి గదిలోనే కూలబడ్డాను. ఒళ్ళు కాలిపోతున్న జ్వరంతో మేడ్చల్‌లో ఒక నర్సింగ్ హోముకు తీసుకుపోయారు. బిడ్డ నెలలు నిండకుండానే వచ్చేసింది. ఏడుపు వినబడుతుందని నేను చెవులు రిక్కించి విన్నాను. వినబడలేదు.

నాకు చూపించలేదు. చూస్తే మరవడం కష్టమని పెద్ద ఆడవాళ్ళు అన్నారట, మగవాళ్ళు గుడ్డలో చుట్టి తీసుకుపోయారు. మందిరంలో ప్రతిష్ఠ జరగని బిడ్డ కాబట్టి కూడిక లేదు, పాట లేదు, పేరు లేదు. నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. డాక్టరమ్మ మాత్రం నా మంచం దగ్గర కూర్చొని, మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షన్ కిడ్నీల దాకా పాకిందమ్మా, బిడ్డ పోవడానికి ఇదొక్కటే కారణమని ఖాయంగా చెప్పలేను, కానీ నీళ్ళు తాగక, గంటల తరబడి ఆపుకొని నీ ఒంటిని నువ్వు చాలా కష్టపెట్టావు, అని నెమ్మదిగా చెప్పింది. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

ఇంటికి వచ్చాక మీరంతా వచ్చారు. ప్రేమతోనే వచ్చారు, పండ్లు తెచ్చారు, ప్రార్థన చేశారు. దేవుని చిత్తం అన్నారు, అన్నిటికీ స్తోత్రం చెప్పమ్మా అన్నారు, రూతు ఉంది కదా అన్నారు. నేను తల ఊపాను. లోపల మాత్రం నాకు దేవుడి మీద ఎంత కోపం ఉండేదో చెప్పలేను! ముందే కృతజ్ఞత చెప్పాను కదా, మాట నిలబెట్టుకోవాల్సింది నువ్వు కదా అని పొయ్యి దగ్గర నిలబడి గిన్నెలతో పోట్లాడినట్టు ఆయనతో పోట్లాడేదాన్ని, ఆ తర్వాత పోట్లాడడం కూడా మానేశాను. పెదవులతో పాటలు పాడాను, పిల్లలకు పాఠం చెప్పాను, ప్రార్థన మాత్రం లేదు. డాక్టరమ్మ చెప్పిన విశ్రాంతి పూర్తి కాకుండానే మళ్ళీ క్యాబ్ ఎక్కాను. ఇంట్లో కూర్చుంటే పాలు వచ్చేవి, సహోదరీలారా. తాగే బిడ్డ లేదు, పాలు మాత్రం వచ్చేవి. అందుకే ఇంట్లో కూర్చోలేకపోయాను.

ఆ గదిలో ఇంకో నియమం ఉంది, చేతితో ముఖం ముట్టుకోకూడదు. ఒక రోజు సీసాలు వరుసగా వస్తుంటే ఏ కారణమూ లేకుండా నాకు కన్నీళ్ళు మొదలయ్యాయి. తుడుచుకోవడానికి లేదు. అవి అద్దాల లోపలే నిండి, ఆవిరి పట్టి, నాకు ఎదురుగా ఏమీ కనబడలేదు. పక్కన ఉన్న భాగ్య నా కళ్ళు చూసిందో, నా చేతులు ఆగిపోవడం చూసిందో, ఏమీ అనకుండా జరిగి వచ్చి నా భుజానికి భుజం ఆనించి నిలబడి, నా వంతు సీసాలు కూడా తనే చూసుకుంది. ఆమె మన మందిరానికి వచ్చే అమ్మాయి కాదు, మన దేవుణ్ణి ఎరగదు. కానీ ఆ రోజు నాకు దేవుడు అంత దగ్గరగా వచ్చి నిలబడ్డాడని ఇప్పుడు అనిపిస్తుంది, అప్పుడు తెలియలేదు.

జ్వరం మళ్ళీ వచ్చింది, ఈసారి ఇంకా గట్టిగా, మళ్ళీ అదే నర్సింగ్ హోములో చేర్చారు. ఒక కిడ్నీ వాచిందన్నారు, దానిని కాపాడగలమో లేదో చెప్పలేమన్నారు. పని చేయలేను, నడవలేను, ఉపవాసం ఉండలేను, రూతుకు జడ వేయలేను. ఇంతకాలం నేను ఏవేవి చేసి నేనని అనుకున్నానో అవన్నీ ఆ మంచం కింద రాలిపోయాయి. నేను పోతే రూతు ఏమవుతుంది అన్న భయం ఒక్కటే మిగిలింది. మా అమ్మ వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుంది. మా అమ్మ ఎన్నడూ పైకి ప్రార్థన చేసిన మనిషి కాదు, నలుగురిలో ప్రార్థించమంటే కొంగు నోట్లో కుక్కుకుంటుంది. ఆ రోజు నా పాదం పట్టుకొని, "యేసయ్యా, గీ పిల్ల నా మాట ఎన్నడు ఇనలే. నీ మాటనన్న ఇంటదేమో జర గట్టిగ జెప్పు. బతికిచ్చి జెప్పు, సంపి జెప్పకు" అంది. ఆమేన్ కూడా అనలేదు. నాకు నవ్వొచ్చింది, బిడ్డ పోయిన తర్వాత నేను నవ్వడం అదే మొదలు, ఆ నవ్వు అలాగే ఏడుపైపోయింది.

సాయంత్రం మా ఆయన డ్యూటీ నుంచి నేరుగా వచ్చారు. నా కళ్ళు వాచి ఉండడం చూసి స్టూలు దగ్గరికి లాక్కొని కూర్చున్నారు. "ఆడపిల్లనే సుగుణా" అన్నారు. పోయిన బిడ్డ సంగతి అని నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. "మొకంల నీ గదుమనే ఉండె. సల్లవడ్డదని నా అంగీ ఇప్పి సుట్టిన. మా తమ్ముడు బండి నడిపిండు, నేను ఎనక కూసొని గట్టిగ పట్టుకున్న, గుంతలల్ల కుదుపు తగలకుంట. సమాధుల కాడ మనోళ్లు మట్టి తీస్తుంటే నేను పక్కకు పోయి పేరు పెట్టిన. ప్రభువా, గీమె పేరు కరుణ, నీకు ఎరికనే గని నా నోటితోటి జెప్తున్న, గీమెను నువ్వు ఎత్తుకో, గీమె తల్లిని మాత్రం తీస్కపోకు, అన్న." ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదని అడిగాను. "నువ్వు మస్తు ధైర్యంగ ఉంటివి. నేను ఏడిస్తే నువ్వు కూలవడ్తవని నోరు మూసుకున్న" అన్నారు. ఆయన కూలబడకూడదని నేను, నేను కూలబడకూడదని ఆయన, ఒకే ఇంట్లో ఒకే బిడ్డ కోసం వేరువేరుగా ఏడ్చాం, సహోదరులారా! మొదటిసారి ఇద్దరం కలిసి ఏడ్చాం. పక్క మంచం ఆవిడ కూడా ఏడ్చింది, పాపం, ఆమెకు మా సంగతే తెలియదు.

ఆయన వెళ్ళాక నేను ప్రార్థన చేశాను. గొప్ప మాటలేమీ రాలేదు. తండ్రీ, నాకు బాగాలేదు. నొప్పి తగ్గలేదు. తగ్గిందని అబద్ధం చెప్పి అలసిపోయాను. నీ మీద కోపంగా కూడా ఉంది. నన్ను పట్టుకో. అంతే. అంతకు ముందు ఎన్నో గంటలు మోకరించి చేసిన ప్రార్థనల్లో లేని నెమ్మది ఆ నాలుగు మాటల్లో వచ్చింది, ఎవరో నా చేతుల్లోని బరువు దించి పక్కన పెట్టినట్టయింది, ఎన్నో నెలల తర్వాత గుండె దడ లేకుండా నిద్రపోయాను. నా విడుదల అదే, సహోదరులారా! నేను బలవంతురాలిగా కనబడాల్సిన పని నుంచి దేవుడు నన్ను విడిపించాడు!

జ్వరం దిగింది, ఇంటికి పంపారు. ఈసారి డాక్టరమ్మ చెప్పినట్టు పూర్తిగా ఇంట్లో ఉన్నాను, పడుకోమన్నప్పుడు పడుకున్నాను, అది నాకు నడక కంటే కష్టమైన వ్యాయామం! పనిలోకి తిరిగి వెళ్ళిన రోజు నేరుగా ఆ ఆఫీసరు దగ్గరికి పోయి, సార్, మేము నీళ్ళు తాగకుండా లోపలికి వస్తున్నాం, నాకు ఇలా అయింది, అని చెప్పాను. వెనక చూస్తే భాగ్య, ఇంకా నలుగురు వచ్చి నిలబడ్డారు. "సార్, మేం గూడ అంతే" అంది భాగ్య. ఆయన ముఖం ఎర్రబడింది. కోపమనుకున్నాం. "ఇన్ని రోజులు నాకెందుకు చెప్పలేదమ్మా, మా ఇంట్ల గూడ ఆడపిల్లలున్నరు" అన్నాడు. పైవాళ్ళతో మాట్లాడి, వెంటనే కాదు గానీ కొంతకాలానికి, షిఫ్టు మధ్యలో అందరూ బయటికి వచ్చే విరామం పెట్టించాడు. మేము నోరు విప్పలేదు, ఆయన అడగలేదు, మధ్యలో నా బిడ్డ పోయింది.

ఇప్పుడు చెరువు కట్ట మీద మా ఆయనా నేనూ మెల్లగా నడుస్తాం, అలసిపోతే కూర్చుంటాం, కూర్చున్నందుకు నాకు సిగ్గు లేదు. ఉపవాసం డాక్టరమ్మ వద్దన్నారు, శుక్రవారం ప్రార్థన అయ్యాక మీ అందరికీ జావ పోసే పని పాస్టరమ్మగారు నాకిచ్చారు. రూతు తన జడ తనే వేసుకుంటుంది, వంకరగానే వేసుకుంటుంది, ఫరవాలేదు. నాకు పూర్తి స్వస్థత కలిగిందని ఈ రోజు చెప్పను. ఒక కిడ్నీ బలహీనంగానే ఉంది, మాత్రలు వాడుతున్నాను, ఇక పిల్లలు వద్దన్నారు, వచ్చే నెల మళ్ళీ పరీక్షకు రమ్మన్నారు. కరుణ దగ్గరికి వెళ్ళి వస్తుంటాం, అక్కడ రాయి లేదు, ఎక్కడో మా ఆయనకు తెలుసు. నా బిడ్డను ఎందుకు పోనిచ్చాడో దేవుడు నాకు చెప్పలేదు, నేను అడగడం మానలేదు, అడగనిస్తున్నాడు. ఆయనకే ఘనత, ఆయనకే మహిమ, బాగున్నప్పుడూ, బాగాలేనప్పుడూ!

సహోదరీలారా, సహోదరులారా, ఇంట్లో, పనిలో, మందిరంలో అన్నీ నేనే మోయాలి అనుకుంటూ లోపల ఎండిపోతున్నవాళ్ళు మీలో ఉంటే, దేవుణ్ణి నమ్మండి, ఆయనకు నిజం చెప్పండి. అలసిపోయానని చెబితే ఆయన చిన్నబుచ్చుకోడు. డాక్టరు దగ్గరికి పోతే ఆయన పరువు పోదు. ఇంకొక్క మాట, పాస్టరుగారిని అడిగి ఆయన ఒప్పుకున్నాకే చెబుతున్నాను. మన మధ్యలో ఎంతోమంది తల్లుల బిడ్డలు కరుణలాగే పాట లేకుండా, ప్రార్థన లేకుండా వెళ్ళిపోయారు. ఆ తల్లులు మరుసటి రోజే పనిలోకి పోయారు, ఏడవడానికి వాళ్ళకు తీరిక దొరకలేదు. అలాంటివాళ్ళు ఉంటే, ఇష్టమైతే, ఉన్నచోటే లేచి నిలబడండి. ఎప్పుడు, ఎలా అని ఎవరూ అడగరు. ఆ బిడ్డల కోసం ఈ రోజు మనందరం ప్రార్థన చేద్దాం.

వందనాలమ్మా. వందనాలు. అక్కడ కిటికీ దగ్గర, వందనాలక్కా. ఇంకా ఎవరైనా... వెనక గోడ దగ్గర...

అమ్మా?

అమ్మా, నాకెన్నడు జెప్పలేదు గదనే! ద్రాక్షతోటల పని చేసినప్పుడా? ఇన్నేండ్లు నీ ఒక్కదాని కడుపులనే పెట్టుకున్నవా? గంతసేపు నిలవడకమ్మా. కూసో. నేనే నీ కాడికొస్తున్న.